ఎనిమిది తెడ్లు, ఒకే లయ

ఓటమి నుండి తేరుకోవడానికి క్రీడాకారునికి ఒక్కొక్కసారి ఒక్క రాత్రి మాత్రమే మిగులుతుంది.

2018 ఆగస్టులో ఆసియా క్రీడల పడవ పందేలు ఇండోనేషియాలోని పాలెంబాంగ్‌లో జరిగాయి. భూమధ్యరేఖకు చేరువలోని ఆ నగరంలో ఎండా, ఉక్కా రెండూ తీవ్రమే. 23వ తేదీన దత్తు భోకనల్ ఒంటరి పందెంలోను, స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్ జంట పందెంలోను పోటీచేసి, పతకం లేకుండానే ఒడ్డు చేరారు. మరునాడు ఆ ముగ్గురూ సుఖ్‌మీత్ సింగ్‌తో కలిసి నలుగురి పడవ ఎక్కారు.

మనిషికి రెండేసి తెడ్లు; దూరం 2000 మీటర్లు. ఇందులో ఒక్కరి భుజబలం చాలదు. ఒక్క తెడ్డు క్షణం ఆలస్యంగా మునిగినా పడవ వేగం తగ్గుతుంది. ఆ నలుగురు 6 నిమిషాల 17.13 సెకన్లలో గమ్యం చేరి స్వర్ణ పతకం సాధించారు.

దత్తుది మహారాష్ట్రలోని ఒక కరువు పల్లె. బావులు తవ్వి బ్రతికిన కుటుంబం. స్వర్ణ్, సుఖ్‌మీత్‌లది పంజాబు. ఓం ప్రకాశ్‌ది రాజస్థాన్. నలుగురూ అప్పుడు సైనికులే. వారందరి మాతృభాష ఒకటి కాదు, పుట్టిన నేల ఒకటి కాదు. అయినా ఎనిమిది తెడ్లూ ఒకేసారి నీట మునిగాయి. నిన్నటి ఓటమిని ఎవరికి వారు మోయక, నలుగురూ పంచుకొన్నందువల్లనే ఆ పడవ ముందుకు సాగింది.