రాత్రి షిఫ్టుకు వెళ్లబోయే మీకు



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి ఉద్యోగాలొచ్చాయని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. సంతోషం. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె అందరూ చూసే ఉంటారు. షిఫ్టు సంగతి ఎంతమంది చదివారు? క్లయింట్లు న్యూయార్క్‌లో ఉంటే, అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. నవంబరులో వాళ్లు గడియారం ముల్లు తిప్పితే మాదాపూర్‌లో భోజనాల వేళ మారిపోతుంది.

నేను మానసిక వైద్యుణ్ణి. ఓపీకి వచ్చే కుర్రాళ్లు తరచుగా అనే మాట: "నాకేం బాధ లేదు సార్, నిద్రొక్కటే పట్టదు. ఓ మాత్ర రాసివ్వండి." తెల్లవారాక క్యాబ్ దిగి, కర్టెన్లు లాగి పడుకుంటారు. పక్క వాటాలో మిక్సీ, కుక్కర్ విజిళ్లు, పదింటికి కొరియర్ అబ్బాయి బెల్లు. ఒళ్లు ఎంత అలిసినా, దారిలో కంట్లో పడిన వెలుతురుకు మెదడు పగలైందనే అనుకుంటుంది. కొన్నాళ్లకు అన్నం సహించదు. క్రికెట్ చూడబుద్ధి కాదు. టీమ్ లీడ్ చిన్న మాటంటే కళ్లు చెమరుస్తాయి.

దిగులుంటే నిద్ర పట్టదని అందరికీ తెలుసు. అది సగం సంగతే. డిప్రెషన్ లేనివాళ్లను కొంతకాలం పాటు గమనించిన 21 అధ్యయనాలను 2011లో కలిపి లెక్కగట్టారు. నిద్రలేమి ఉన్నవాళ్లకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది. కాబట్టి నిద్రకు విడిగా వైద్యం చేయించుకోవాలి. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్ర కన్నా ముందు చెయ్యాల్సింది సీబీటీ-ఐ (నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే చికిత్స. అందులో మంచం మీద గడిపే గంటలు పెంచరు, తగ్గిస్తారు! నిద్ర రాకపోతే లేచి వెళ్లిపొమ్మంటారు. మీ అమ్మమ్మగారు ఒప్పుకోరుగానీ, పనిచేస్తుంది. దిగులు రెండు వారాలైనా వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొక్క మాట. ఇది మీకిప్పుడే పనికిరాదు. నాలుగైదేళ్లలో మీలో కొందరు లీడ్‌లవుతారు, ఎవరికి ఏ షిఫ్టో రాసే రోస్టర్ మీ చేతికొస్తుంది. కాఫీ మానెయ్, ఫోన్ పక్కన పెట్టు అని ఉద్యోగికి చెప్పడం తేలిక. రోస్టర్ సరిచెయ్యడం కష్టం, అందుకే ఎవరూ దాని జోలికి పోరు. షిఫ్టులు మార్చక తప్పకపోతే పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్ణుంచి రాత్రికి, ముందుకే జరపండి. వెనక్కి జరిపితే ఒంటికి మరీ కష్టం. రాత్రంతా పనిచేసినవాళ్లను పగలు పదకొండింటికి మీటింగుకు పిలవకండి, అది వెల్‌నెస్ సెషన్ అయినా సరే.