కట్టకు మట్టి మోసినవాళ్ళు

ముసలమ్మ స్మృతిలో మాట్లాడమంటే ఈ ఊళ్ళో చెరువుకట్ట దగ్గరే మొదలుపెట్టాలి. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడు. రెండు కొసల తూముల దగ్గర రెండు ఊళ్ళు వెలిశాయి. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం, అంటే మన అనంతపురం. రాణి పేరు పెట్టారని కొందరంటారు, బుక్కరాయలకు ఆ పేరుగల రాణే లేదని మరికొందరు.

ఒక ఏడు చెరువు పొంగి కట్ట తెగబోయిందట. బసిరెడ్డి చిన్నకోడలు బలైతే తప్ప ఊరు దక్కదని అమ్మవారి పలుకు వినిపించిందట. ఆ చిన్నకోడలే ముసలమ్మ, వెనకాడకుండా నీళ్ళలోకి నడిచింది. బ్రౌను దొర అచ్చువేయించిన అనంతపుర చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ‘ముసలమ్మ మరణము’గా రాశాడు. ఆ కావ్యమంటే నాకు ఎనలేని ఇష్టం. అయినా ఒక బాధ ఉంది. కట్టకు ప్రాణమిచ్చిన ఆడమనిషికి మొక్కుకున్నాం. అదే కట్టకు మట్టి మోసిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ రాసిపెట్టుకోలేదు.

ఆ పని ఎలాంటిదో చూడండి. వానలతో పాటు ఒండ్రు వచ్చి చెరువు పూడుకుపోతుంది. ఎండాకాలం మగవాళ్ళు సలికె పట్టి తవ్వుతారు. తవ్వేవాడు నిలుచున్నచోటే ఉంటాడు. మోసే ఆమె నెత్తిన చుట్టకుదురు సర్దుకుని, తట్ట ఎత్తించుకుని, ఏటవాలు కట్ట ఎక్కి, కుమ్మరించి, మళ్ళీ దిగాలి. తడి ఒండ్రయితే బురదనీళ్ళు మెడ మీదుగా రవికెలోకి కారుతుంటాయి. చీకటిపడేదాకా ఇదే.

ఇక ఈ పనికి దక్కిన కూలి సంగతి. 1876-78 ధాత కరువులో మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. 1877లో ఆంగ్లేయ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు పౌను గింజలు, ఒక అణా. తట్ట మోసిన ఆడమనిషికి అదీ లేదు, అంతకన్నా తక్కువ. ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి అన్న ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. దేశమంతటికీ అదే తొలి అడుగు. మధ్యలో గడిచినవి 129 ఏళ్ళు.

చెన్నేకొత్తపల్లి వైపు మరో పని జరిగింది. 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ అండతో పల్లె ఆడవాళ్ళు పొదుపు సంఘాలు నిలబెట్టుకున్నారు. కల్పవల్లి బోడిగుట్టలను ఊళ్ళవాళ్ళు కలిసి కాపాడుకుంటే గడ్డి, ఈతచెట్లు తిరిగి లేచాయి.

ఒక్క అన్యాయం మాత్రం మిగిలే ఉంది. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో ఓటు భూమి గలవాళ్ళది. మన జిల్లాలో పట్టాలు చాలామట్టుకు మగవాళ్ళ పేరు మీదే ఉన్నాయి. పూడిక మోసిన కూలి ఆడమనిషికి తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పే హక్కు లేదు. ఆమెకూ ఓటివ్వాలని ఈ సభ తరఫున ప్రభుత్వాన్ని అడుగుదాం. ఆ అర్జీ రాసి తెచ్చాను, దయచేసి అందరూ సంతకం పెట్టండి.