మోకాలి నొప్పులన్నీ ఒకటి కావు



ఈ రోజు పాఠం లేదు. పలకలు పక్కన పెట్టండి. పెన్సిలు మాత్రం దగ్గర ఉంచుకోండి. చివర్లో చిన్న రాత పని ఉంది.

ముందే చెబుతున్నాను. నేను డాక్టరమ్మను కాను. టీచరు ట్రైనింగు చదివిన పంతులమ్మను. మా ఇంట్లో జరిగింది చూసి, డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

మా అమ్మ నాలుగిళ్ళలో పని చేస్తుంది. గచ్చు కడగడం, తుడవడం అంతా మోకాళ్ళ మీదే. రెండేళ్ళ కిందట కుడి మోకాలి మీద వాపు వచ్చింది. నిమ్మకాయంత ఉండేది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయేది. మా ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన చూసి, "కీళ్ళవాతం. వయసు వచ్చింది కదమ్మా" అన్నాడు. వారం వారం ఒక సూది వేశాడు. పేరు లేని బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చాడు. సూది వేసిన రెండు రోజులు హాయిగా ఉండేది. మళ్ళీ మామూలే. నాలుగు నెలలకు అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బింది. షుగరు పెరిగింది.

అప్పుడు ఏలూరు తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు గారు మోకాలు కన్నా ముందు పని గురించి అడిగారు. "ఏం పని చేస్తారమ్మా? ఎలా కూర్చుని చేస్తారు?" అన్నారు. అమ్మ చెప్పింది. తర్వాత అమ్మ కాలు ఆయనే పట్టుకుని మెల్లగా వంచారు, చాపారు. అమ్మకు పెద్దగా నొప్పి లేదు. వాపు మీద వేలు పెట్టగానే "అమ్మో" అంది. ఆయన అన్నారు: "ఇది కీలు జబ్బు కాదమ్మా. కీలు మీద ఉన్న సంచి జబ్బు."

ఏమిటా సంచి? నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద చుట్టకుదురు పెడతాం కదా! బిందె తలకు ఒత్తుకోకుండా. అలాగే ఎముకకూ చర్మానికీ మధ్య, ఎముకకూ కండకూ మధ్య చిన్న చిన్న సంచులు ఉంటాయి. వాటిలో కొంచెం జిగురు నీరు ఉంటుంది. ఒంట్లో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. వీటిని బర్సా అంటారు. ఒకే చోట రోజూ ఒత్తిడి పడితే ఆ సంచి వాచి నీరు చేరుతుంది. దాన్ని బర్సైటిస్ అంటారు. మోకాలి మీద వచ్చే ఈ వాపుకు ఇంగ్లండులో ఏం పేరు పెట్టారో తెలుసా? "పనిమనిషి మోకాలు". అక్కడ కూడా మోకాళ్ళ మీద గచ్చు రుద్దింది మనలాంటి వాళ్ళే మరి.

మోచేతి కొన మీద, భుజంలో, తొడ పక్కన కూడా ఇది వస్తుంది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోబోతే భుజం కలుక్కుమనడం, ఒక పక్కకు పడుకుంటే తొడ ఎముక దగ్గర నొప్పి పుట్టడం దీనివల్ల కావచ్చు.

మరి కీలు జబ్బు ఎలా ఉంటుంది? దాన్ని ఆర్థరైటిస్ అంటారు. అందులో చాలా రకాలు ఉన్నాయి. మనం ఎక్కువగా చూసేది అరుగుదల. ఎముకల చివర నున్నని పొర ఉంటుంది. గుజ్జు అంటామే, అదే. అది అరిగిపోతుంది. అప్పుడు నొప్పి పైన కాదు, లోపల ఉంటుంది. మెట్లు ఎక్కినా, గొంతుక్కూర్చుని లేచినా పోటు వస్తుంది. కీలు కరకరమంటుంది. పొద్దున్నే బిగుసుకుంటుంది కానీ, అరగంట లోపే సర్దుకుంటుంది. నడిచే కొద్దీ ఎక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వైపు మా మామ్మ ఉంటుంది. ఆవిడ మోకాళ్ళది ఇదే.

ఇంకో రకం ఉంది. దాని గురించి చెప్పాలనే ఈ రోజు పాఠం మానేశాను.

మా పిన్ని కొల్లేరు దగ్గర, కైకలూరు వైపు ఉంటుంది. రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళేది. రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచేవి. పొద్దున లేస్తే రెండు గంటలు వేళ్ళు ముడుచుకునేవి కావు. ఒంట్లో నీరసం. "చన్నీళ్ళలో పని కదా, అదే తగ్గుతుంది" అన్నారు అందరూ. నేనూ అన్నాను. రెండేళ్ళు అలా పోయాయి. ఈలోగా వేళ్ళు పక్కకు వంగాయి. చదువుల కేంద్రానికి వస్తే పెన్సిలు పిడికిలితో పట్టుకుని రాసేది. పిన్నికి బద్ధకం అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అది రుమటాయిడ్ అనే కీళ్ళవాతం. ఒంటిని కాపాడాల్సిన బలమే దారి తప్పి సొంత కీళ్ళ మీద పడుతుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. పడుచు వయసులోనూ వస్తుంది. రెండు పక్కలా వస్తుంది. కుడి చేతికి వస్తే ఎడమ చేతికీ వస్తుంది. పొద్దున బిగుసుకోవడం గంట దాటుతుంది. తొందరగా మందు మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చు. వంగిన వేళ్ళు మాత్రం మందుతో తిరిగి నిటారుగా కావు.

పిన్నికి ఇచ్చిన మందు మెథోట్రెక్సేట్. దాన్ని వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గర్భిణులు వేసుకోకూడదు. పిన్ని మందుల కవరు మీద "మంగళవారం" అని తన చేత్తోనే రాసుకుంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా చదవగలదు.

2006లో మన రాష్ట్రమంతా చికున్‌గున్యా వచ్చింది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జ్వరం తగ్గినా కొందరికి కీళ్ళు నెలల తరబడి పట్టేశాయి. 1952లో ఆఫ్రికాలోని టాంజానియాలో ఈ జ్వరం కనిపించింది. అక్కడి వాళ్ళ భాషలో ఆ పేరుకు ఒళ్ళు వంచేసేది అని అర్థం. అది పగలు కుట్టే దోమ వల్ల వస్తుంది. తొట్టెల మీద మూతలు పెట్టండి.

ఇక ఉపశమనం సంగతి. సంచి వాపు అయితే ముందు ఆ ఒత్తిడి ఆపాలి. మా అమ్మ ఇప్పుడు పొడుగు కర్ర తుడుపు వాడుతోంది. మొదట ఒక ఇంటావిడ ఒప్పుకోలేదు, మూలలు శుభ్రం కావని. అమ్మ తానే కర్ర కొనుక్కుని తీసుకెళ్ళింది. తప్పక మోకరిల్లాలంటే గోనెసంచి నాలుగు మడతలు పెట్టి కింద వేసుకోండి. కొత్త వాపుకు చల్లని తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు వేయండి. అమ్మ వాపు రెండు నెలల్లో తగ్గింది.

పాత అరుగుదల నొప్పికి వేడి కాపడం హాయి. వావిలాకు వేసి కాచిన నీళ్ళైనా, ఉప్పు మూటైనా సరే. షుగరు ఉండి కాళ్ళు తిమ్మిరిగా ఉన్నవాళ్ళు జాగ్రత్త. వేడి తెలియక కాలుతుంది. జిల్లేడు పాలు చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి. వాతలు మాత్రం పెట్టించుకోవద్దు.

అరిగిన మోకాలికి పూర్తిగా పడుకోవడం మందు కాదు. చుట్టూ ఉన్న కండకు బలం ఇవ్వాలి. కుర్చీలో కూర్చోండి. ఒక కాలు నేలకు సమంగా చాపండి. పది లెక్కపెట్టండి. దించండి. రెండో కాలు. అలా పదిసార్లు, పూటకు. కిందకు బదులు పీట మీదో స్టూలు మీదో కూర్చోండి. కర్ర పట్టుకుంటే నొప్పి లేని వైపు చేతితో పట్టుకోండి. ఒళ్ళున్న వాళ్ళు ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గినట్టే.

నొప్పి బిళ్ళలు పరగడుపున మింగవద్దు. కడుపులో పుండ్లు పడతాయి. నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. దానివల్లే మా అమ్మ ముఖం ఉబ్బిందని డాక్టరు గారు చెప్పారు. అయితే ఒక మాట. చాలా రోజులు వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకండి. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి.

కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చేప ముల్లు, రొయ్య కొమ్ము గుచ్చుకున్న గాయం నుంచి చీము లోపలికి పోవచ్చు. ఇంట్లో సూదితో పొడవవద్దు.

ఇప్పుడు పెన్సిలు తీయండి. ఒక కాగితం మీద రాయండి. నొప్పి ఎక్కడ? పైనా, లోపలా? ఒక పక్కా, రెండు పక్కలా? పొద్దున ఎంతసేపు బిగుసుకుంటుంది? వారం రోజులు గడియారం చూసి రాయండి. డాక్టరు గారి ముందు కూర్చుంటే మనకు సగం మాటలు గుర్తురావు. కాగితం ఇస్తే చాలు.

వేళ్ళ కణుపులు వాచి, గంట దాటి బిగుసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వారం ఆగకండి. వచ్చే మంగళవారం నేను పిన్నిని తీసుకుని ఏలూరు వెళ్తున్నాను. పొద్దున ఏడున్నర బస్సు. రావిచెట్టు దగ్గర ఉంటాను.