మొదటి సెకండ్ హ్యాండ్ కారు ఎక్కడ వెతకాలి? బండి కంటే ముందు ఓనర్‌ని చూడండి

ఈ రోజు టాపిక్ సెకండ్ హ్యాండ్ కారు. మొదటిసారి కొనేవాళ్లు అసలు ఎక్కడ వెతకాలి అన్నది. చేతిలో మూడో నాలుగో లక్షలు ఉంటాయి. అందులో కొంత మీ సేవింగ్స్, కొంత నాన్నగారు ఇచ్చింది, ఇంకొంత చిట్టీ పాడింది. అది పోతే మళ్లీ కూడబెట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే యాప్ ఓపెన్ చేసే ముందు ఒక్కసారి వినండి.

నన్నడిగితే మొదట వెతకాల్సింది ఫోన్‌లో కాదు, మీ అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, చుట్టాల్లో. ఎందుకంటే బండి ఎలా తిరిగిందో చూడగానే తెలియదు, నడిపిన మనిషికే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఏ కాంప్లెక్స్‌లో అయినా ఉద్యోగం మారో, అమెరికా వెళ్లిపోతూనో కారు అమ్మేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఆ కబురు యాప్ కంటే ముందు వాచ్‌మన్‌కి తెలుస్తుంది! అలాంటి ఓనర్‌ని "ఎందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. ఆ జవాబు నిజమో కాదో పక్క ఫ్లాట్‌లో కనుక్కోవచ్చు కూడా.

రెండోది మెకానిక్ షెడ్డు. ఐదేళ్లుగా తనే సర్వీస్ చేసిన బండి గురించి మెకానిక్ అన్నకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కాకపోతే బేరం కుదిరితే ఆయనకీ కమీషన్ ఉంటుంది, అందులో తప్పేం లేదు. కానీ చెకింగ్‌కి మాత్రం వేరే మెకానిక్‌ని తీసుకెళ్లండి.

ఇక మన ఊళ్లలో రోడ్డు పక్కన కనిపించే కార్ కన్సల్టెన్సీలు. ఒకేచోట ఇరవై బండ్లు చూడొచ్చు, లోన్ కూడా వాళ్లే చూసిపెడతారు. కాకపోతే బండి పాలిష్ కొట్టి మెరుస్తూ ఉంటుంది, అసలు ఓనర్ మాత్రం కనిపించడు. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్‌గారి బండి" అంటారు. మంచిదే, ఆర్‌సీలో ఓనర్ సీరియల్ నంబర్ ఉంటుంది, అది చూపించమనండి. ఆ ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించమనండి. కుదరదు అంటే ఇంకో బండి చూసుకోవడం మేలు.

కంపెనీల సొంత యూజ్డ్ కార్ షోరూమ్‌లు, మారుతీ ట్రూ వాల్యూ లాంటివి, ఇంకా స్పిన్నీ, కార్స్24 లాంటివి కూడా ఉన్నాయి. బయటికంటే రేటు ఎక్కువే ఉండొచ్చు. కానీ పేపర్ వర్క్ వాళ్లే చూస్తారు, చాలా బండ్లకు వారంటీ ఇస్తారు. ఇంట్లో కార్ల గురించి తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే ఆ ఎక్కువ డబ్బు దండగ కాదనే నేనంటాను. వారంటీలో ఏవి కవర్ అవుతాయో, ఏవి కావో మాత్రం చదవండి.

ఓనర్లే నేరుగా పోస్ట్ చేసే యాడ్స్‌లో జాగ్రత్త. "ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కారు పంపిస్తాను, ముందు అడ్వాన్స్ కొట్టండి" అన్న మోసం పాతదే. ఇప్పటికీ పడిపోతున్నారు. బండిని కళ్లతో చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు. క్యూఆర్ కోడ్ పంపించి స్కాన్ చేయమంటే ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు అందరూ టెంప్ట్ అయ్యే విషయం. ఢిల్లీ బండి! పెద్ద డీజిల్ కారు, ఇక్కడి రేటులో సగానికే. ఎందుకంత చవక? అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఏళ్లుగా ఆంక్షలున్నాయి, అందుకే వదిలించుకుంటారు. ఇక్కడికి తెచ్చాక ఏమవుతుంది? అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ కలిపాక ఆ చవకలో ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్కేసుకోండి.

వరద బండ్లు ఇంకో రకం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం టీవీలో చూశాం. అవన్నీ తుక్కులోకి పోలేదు. సీట్ బెల్ట్‌ని చివరిదాకా బయటికి లాగి చూడండి. లోపల బురద మరక ఉంటే అక్కడే దొరికిపోతుంది. స్టెప్నీ తీసి దాని కింద తుప్పు ఉందేమో చూడండి. కారులో సెంటు వాసన మరీ గుప్పుమంటే మ్యాట్లు ఎత్తండి.

మీటర్ విషయంలో టైర్లు చూడండి. టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది అని. 2019 మోడల్ కారు, మీటర్ ఇరవై వేలే చూపిస్తోంది, నాలుగు టైర్లూ 2023వి అనుకోండి. ఇరవై వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చారు? అది అడగాలి. షోరూమ్ సర్వీస్ రికార్డులో ప్రతిసారీ కిలోమీటర్లు రాస్తారు కాబట్టి, అది తెప్పించమంటే సంగతి బయటపడుతుంది.

బండి నచ్చితే అడ్వాన్స్ ఇచ్చే ముందు నంబర్‌ని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి, పెండింగ్ చలాన్లు కూడా చూడండి. లోన్ ఉన్న బండి అయితే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫామ్ 35 చేతికి రావాలి. ట్రాన్స్‌ఫర్‌కి ఫామ్ 29, ఫామ్ 30 మీద ఓనర్ సంతకాలు తీసుకోండి. ఇన్సూరెన్స్‌ని 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్చడానికి అప్లై చేయండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం తేడా కట్టాల్సి రావచ్చు, దాన్నీ బడ్జెట్‌లో వేసుకోండి. మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చేయకుండా, ఆర్‌సీ మీ పేరు మీదకి వచ్చేదాకా కొంత ఆపుకునేలా మాట్లాడుకోండి. దానికి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం బట్టే ఓనర్ ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం వినాలి, ఏం చూడాలి అన్నది పెద్ద సబ్జెక్ట్. అది వచ్చే ఎపిసోడ్‌లో, బండిలో కూర్చునే మాట్లాడుకుందాం. ఉంటానండి.