ఓడలో బట్లరు, స్టీవార్డు: ఒక పెన్షనరు చూసిన కొలువు

(పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "నా ఓడ ప్రయాణ అనుభవాలు". ఓడ ఎంత పొడవు, ఎన్ని అంతస్తులు, భోజనంలో ఎన్ని రకాలు అనేవి చెప్పడం మొదలుపెడితే మీకు ఆకలి పెరుగుతుంది, నాకు గొంతు ఎండుతుంది. ఫొటోలు మా ఆవిడ ఫోనులో ఉన్నాయి, భోజన విరామంలో చూడవచ్చు. నేను చెప్పదలచుకున్నది అక్కడ మాకు సేవ చేసిన ఇద్దరు ఉద్యోగుల గురించి. ఒకరు బట్లరు, ఒకరు క్యాబిన్ స్టీవార్డు. ఉద్యోగుల సభలో ఉద్యోగుల గురించి మాట్లాడడమే సబబు కదా.

బట్లరు అనే మాట మనకు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో దొరల బంగళాల్లో నౌకర్లందరికీ పెద్ద బట్లరే. బజారు సరుకు, చాకలి లెక్క, విందు ఏర్పాట్లు అన్నీ అతని చేతి మీదుగా నడిచేవి. అతని వచ్చీరాని ఇంగ్లీషుకి "బట్లర్ ఇంగ్లీషు" అని పేరు పెట్టి, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కించారు. వెక్కిరించిన దొరలకి తెలుగెంత వచ్చునో మాత్రం ఎవరూ నిఘంటువు రాయలేదు. అసలీ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చిందట, సీసాలు అందించేవాడని అర్థం. దొరలు వెళ్లిపోయారు, బంగళాలు ఆఫీసులయ్యాయి, బట్లరు ఓడెక్కాడు.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటారు. ఫ్లోరిడా రేవు నుంచి కరేబియన్ దీవులకు ఏడు రాత్రుల యాత్రకి మమ్మల్ని తీసుకువెళ్లారు. అల్లుడు ముందు మామూలు గదులే తీసుకున్నాడు. ప్రయాణం దగ్గర పడ్డాక, ఖాళీగా మిగిలిన సూట్లకి "ఎంత అదనం ఇస్తారో రాసి పంపండి" అని కంపెనీ వారు అడుగుతారు. అచ్చం మన సీల్డు టెండరే. మా టెండరు ఖరారయింది. ఆ మాటని సూట్ అని రాసి స్వీట్ అని పలుకుతారు. మా ఆవిడ మిఠాయి పెట్టె వస్తుందనుకుంది. మన సర్క్యూట్ హౌసుల్లో వి.ఐ.పి. సూట్ అంటామే, అదే: ముందు గది, పడక గది, సముద్రం వైపు బాల్కనీ.

స్టీవార్డు అన్ని గదులకీ ఉంటాడు. బట్లరు మాత్రం చాలా ఓడల్లో సూట్ల వారికే. 2004లో తొలి యాత్ర చేసిన క్వీన్ మేరీ 2 ఓడలో పై తరగతి సూట్ల వారికి బట్లర్లున్నారు. సిల్వర్‌సీ అనే కంపెనీ ఓడల్లో ప్రతి సూటుకీ బట్లరు సేవ ఉంటుంది. అక్కడ సూటు కాని గదే లేదు లెండి.

మా స్టీవార్డు ఇండోనేషియా వాడు, బాలీ ద్వీపం. తన వంతుకి 16 గదులన్నాడు. పొద్దున్న ఒకసారి, మనం రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు ఇంకొకసారి, రెండు పూటలా గది సర్దాలి. పక్క దులపడం, స్నానాల గది కడగడం, తువ్వాళ్లు మార్చడం, ఐసు నింపడం, చెత్త తీయడం. సాయంత్రం వచ్చినప్పుడు దుప్పటి అంచు మడిచి, తలగడ మీద చాక్లెట్టు పెట్టి, తువ్వాలుతో ఏనుగునో కోతినో చేసి కూర్చోబెట్టి పోతాడు. అతనికి అసలు పరీక్ష యాత్ర ముగిసే రోజు. పాత వాళ్లు పొద్దున్నే దిగిపోతారు, మధ్యాహ్నానికల్లా కొత్తవాళ్లు ఎక్కేస్తారు. ఆ మధ్య నాలుగైదు గంటల్లో 16 గదులూ ఎవరూ ఎన్నడూ ఉండనట్టు తయారు కావాలి. మన కొత్త కలెక్టరు వచ్చే రోజున బంగళాలో జరిగే హడావుడి అతనికి వారం వారం అన్నమాట.

మా ఆవిడ సంగతి మీకు తెలుసు. పొద్దున్నే లేచి పక్క తనే మడిచి, బాత్రూము తనే కడిగేసింది. రెండో రోజు ఆ అబ్బాయి చేతులు జోడించి, "మాడమ్, దయచేసి చేయకండి, సూపర్‌వైజరు చూస్తే నేను రాలేదనుకుంటాడు" అన్నాడు. అప్పటి నుంచి పక్క వదిలేసింది గానీ బాత్రూము మాత్రం వదలలేదు, రహస్యంగా కడుగుతూనే ఉంది.

బట్లరు గోవా వాడు, యాభైకి దగ్గరవాడు. నల్ల కోటు, తెల్ల చేతి తొడుగులు. మొదటి రోజునే వచ్చి, పెట్టెలు విప్పి బట్టలు సర్దమంటారా అని అడిగాడు. మా పెట్టెలో ఆవకాయ సీసా, మందుల సంచి ఉన్నాయి కనుక మర్యాదగా వద్దన్నాం. బట్టలు ఇస్త్రీకి పంపడం, బూట్లు మెరిపించడం, పొద్దుటి ఫలహారం గదిలోనే బల్ల వేసి ఒక్కొక్కటిగా వడ్డించడం, సాయంత్రం చిరుతిండి తేవడం, రాత్రి భోజనానికి బల్ల దొరికేలా చూడడం, రేవులో దిగేటప్పుడు వరుసలో నిలబడకుండా తీసుకువెళ్లడం అతని పనులు. కానీ అతని అసలు పని వేరే ఉందని నాకు మూడో రోజున అర్థమయింది.

మేము శాకాహారులం. ఆ పదార్థాలతో మా ఆవిడకి రెండు రోజుల్లోనే కడుపు మొరాయించింది. మేము ఎవరికీ ఏమీ చెప్పలేదు. పళ్లెం అలాగే వెనక్కి వెళ్లడం అతను చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం మూత పెట్టిన పళ్లెంలో వేడి అన్నం, గిన్నెడు పెరుగు, నిమ్మకాయ ఊరగాయ. ఎలా తెచ్చావు బాబూ అంటే, కింద వంటశాలలో సిబ్బంది భోజనం వండే అతను తనకి స్నేహితుడన్నాడు. మరునాటి నుంచి అడగకుండానే వచ్చింది. అతని జేబులో చిన్న నోటుబుక్కు ఉంది. ఏ గదిలో ఎవరికి ఏ దిండు పడదు, ఎవరు కాఫీలో చక్కెర వేసుకోరు, ఎవరి పెళ్లిరోజు ఎప్పుడు, అంతా అందులో ఉంటుంది. పక్క సెక్షను గుమాస్తాతో మంచిగా ఉండి ఫైలు కదిలించుకోవడం, మరచిపోకుండా రిమైండరు పెట్టుకోవడం, పైవాడు అడగక ముందే కాగితం సిద్ధం చేసి ఉంచడం... ఇది మన పనే కదండీ! నేను 36 ఏళ్లు చేసినది ఇదే. కాకపోతే నాకు ఎవరూ తెల్ల తొడుగులు ఇవ్వలేదు.

పని ఒకటే గానీ కొలువు ఒకటి కాదు. అక్కడికి వస్తున్నాను.

ఆ గోవా మనిషి తండ్రి కూడా ఓడ మీద స్టీవార్డే. గోవాకి ఇది తరాల వృత్తి. బ్రిటిషు వారి పి అండ్ ఓ ఓడల్లో వడ్డన, గది సేవ గోవా వారిదే. ఓడ దొరికే దాకా ముంబైలో పడి ఉండేందుకు ఊరి పేరిట సత్రాల వంటివి పెట్టుకున్నారు, వాటిని కుడ్‌లు అంటారు. ఇప్పటికీ ధోబీ తలావ్ ప్రాంతంలో కొన్ని ఉన్నాయి. ఇతను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాడు. "22 ఏళ్ల సర్వీసన్నమాట" అన్నాను. నవ్వి, "లేదు సర్, ఎనిమిది నెలల సర్వీసు, ఇరవై ఎన్నోసార్లు" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎక్కేటప్పుడు కాంట్రాక్టు మొదలవుతుంది, దిగగానే అయిపోతుంది. ఇంట్లో ఉండే రెండు నెలలకీ చాలామందికి జీతం ఉండదు. మన సర్వీసు రిజిష్టరు లాంటిది వాళ్లకీ ఒకటి ఉంది, సి.డి.సి. అంటారు. ఎక్కిన తేదీ, దిగిన తేదీ ముద్ర వేస్తారు. తేదీల మధ్య ఖాళీలను కలిపి క్వాలిఫయింగు సర్వీసు లెక్క కట్టే అకౌంటెంటు జనరల్ మాత్రం వాళ్లకి లేడు. ఇంక్రిమెంటు కోసం కాన్ఫిడెన్షియల్ రిపోర్టుకి మనం ఏడాదికొకసారి భయపడేవాళ్లం. వాళ్లకి ప్రతి యాత్ర చివరా ప్రయాణికులు మార్కులు వేస్తారు. వారానికొక సి.ఆర్., అదీ ఊరూ పేరూ తెలియని వాళ్లు రాసేది.

జీతం సంగతి. పెద్ద పెద్ద అమెరికా కంపెనీల్లో మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు, సూట్ల వారికి ఇంకొంచెం ఎక్కువ, "గ్రాట్యుటీ" అని బిల్లులో వేస్తారు. మన గ్రాట్యుటీకి దీనికీ పేరు తప్ప పోలిక లేదు. ఇది బక్షీసు. స్టీవార్డు, వడ్డన వారి సంపాదనలో పెద్ద భాగం ఇదే. ఇష్టం లేనివారు కౌంటరుకి వెళ్లి తీయించుకోవచ్చునని కొన్ని ఓడల్లో నియమం. తీయించుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు, వరుసలో నిలబడి మరీ తీయించుకోవడం నేను చూశాను. "కంపెనీ జీతం ఇస్తోంది కదా మామయ్యా" అని మా అల్లుడు వాదించాడు. సిల్వర్‌సీ వంటి చోట బక్షీసు టిక్కెట్టులోనే కలిపేస్తారు, అడిగే పనీ లేదు, తగ్గించే పనీ లేదు. అదే న్యాయమని నేనన్నాను. మా ఇద్దరికీ ఆ రాత్రి భోజనం వరకూ మాటలు లేవు.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు మనకేమి చెప్పిందో ఈ సభలో అందరికీ కంఠోపాఠమే. పెన్షను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకి వచ్చే హక్కు అన్నారు. ఆ గోవా మనిషికి ఎదురుగా కూర్చుని ఫలహారం చేస్తుంటే నాకు ఆ తీర్పే గుర్తుకొచ్చింది. అతని నెల సంపాదన నాకొచ్చే పెన్షను కంటే ఎక్కువే, కాదనను. కానీ అందులో సగానికి పైగా ఎవరో తెలియని మనిషి ఆ పూట మంచి మనసులో ఉండడం మీద ఆధారపడి ఉంది. మోకాళ్లు నొప్పి పుట్టిన రోజున అదీ ఆగిపోతుంది. గోవా ప్రభుత్వం 2021లో రిటైరయిన నావికులకు, వారి వితంతువులకు నెలకి 2,500 రూపాయల పథకం తెచ్చింది. అది కూడా వాళ్లు సంఘం పెట్టుకుని, వినతిపత్రాలు ఇచ్చుకున్నాకనే. సంఘం ఎందుకని అడిగే మన కుర్ర పెన్షనర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

చట్టం బొత్తిగా లేదని కాదు. ఈ ఓడల్లో చాలా వాటికి జెండా బహామాస్‌దో, పనామాదో, బెర్ముడాదో ఉంటుంది. అయితే 2006 నాటి అంతర్జాతీయ నావికుల ఒడంబడిక ఒకటుంది. 2013 ఆగస్టులో అమలుకి వచ్చింది, 2015లో మన దేశమూ ఒప్పుకుంది. దాని ప్రకారం రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతిని రెండు ముక్కల కంటే ఎక్కువ చేయకూడదు, ఒక ముక్క ఆరు గంటలకి తగ్గకూడదు. గుమాస్తా బుద్ధి కదా, నేను కాగితం తీసి లెక్క వేశాను. వారానికి 168 గంటలు. అందులో 77 పోతే 91. అంటే ఈ లెక్కన నడిచే ఓడలో వారానికి 91 గంటల పని చట్టానికి లోబడే ఉంటుంది! మనది పదిన్నర నుంచి ఐదు, టీ తాగే వేళతో సహా.

పూర్వం ఇంకా ఘోరం. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ మునిగితే, మునిగిన రోజుతోనే సిబ్బంది జీతం ఆపేశారు. ఓడ లేదు కనుక ఉద్యోగం లేదు, అంతే. ఓడ మునిగితే రెండు నెలల జీతం దాకా పరిహారం ఇవ్వాలని అంతర్జాతీయ నిబంధన రావడానికి 1920 దాకా పట్టింది. ఆ ఓడలో వయొలెట్ జెస్సప్ అనే స్టీవార్డెస్ ఉండేది. టైటానిక్ నుంచి బతికి బయటపడింది. 1916లో బ్రిటానిక్ మునిగినప్పుడూ బతికింది. ఆ తరవాత కూడా మళ్లీ ఓడ ఉద్యోగానికే వెళ్లింది. ధైర్యమంటారా, వేరే దారి లేకనంటారా, మీరే ఆలోచించండి.

అంత దూరం ఎందుకు, 2020 ఫిబ్రవరిలో జపానులో డైమండ్ ప్రిన్సెస్ ఓడని కరోనా వల్ల రేవులో ఆపేశారు. ఓడలో 3,711 మంది. ప్రయాణికుల్ని గదుల్లోంచి కదలవద్దన్నారు. మరి మూడు పూటలా ఆ గదుల తలుపుల దగ్గరికి భోజనం తీసుకువెళ్లింది ఎవరు? సిబ్బందే. వాళ్లలో మన భారతీయులు 132 మంది. రాత్రి పడుకునేది మాత్రం కింది అంతస్తుల్లో, ఒకే గదిలో ఒకరి మీద ఒకరుగా ఉన్న బెర్తుల్లో.

మా గోవా మనిషిని దిగే ముందు రోజు ఒక మాట అడిగాను. ఇన్నేళ్లలో గుర్తున్న ప్రయాణికుడెవరని. ఎక్కువ డబ్బిచ్చిన వాడి పేరు చెబుతాడనుకున్నాను. భర్త పోయాక ఒంటరిగా ప్రయాణం చేసే ఒక ముసలావిడ గురించి చెప్పాడు. ఆవిడ ప్రతి సాయంత్రం రెండు కప్పుల టీ అడిగేదట. రెండోది ఎవరూ తాగేవారు కారు. ఇతను ప్రతి రోజూ రెండూ వేడిగానే తెచ్చేవాడట.

సమయం అయిపోతున్నదని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. రెండు పనికొచ్చే సంగతులు చెప్పి దిగిపోతాను.

ఈ ఓడలు మన వైపుకీ వస్తున్నాయి. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకి ఒక విహార నౌక వచ్చింది, 2023లో విశాఖ రేవులో దాని కోసం ప్రత్యేక టెర్మినల్ తెరిచారు. మీలో ఎవరైనా పిల్లలతో వెళితే, బిల్లులో వేసిన గ్రాట్యుటీ తీయించకండి. అది కాక మీకు నచ్చిన మనిషికి కవరులో పెట్టి చేతికి ఇవ్వండి. యాత్ర చివర వచ్చే మార్కుల కాగితంలో అతని పేరు అక్షరం తప్పు లేకుండా రాయండి. కొన్ని డబ్బుల కంటే అదే ఎక్కువ పని చేస్తుందని మా స్టీవార్డు చెప్పాడు.

ఇక మన మనవల్లో హోటల్ మేనేజిమెంటు చదివి ఓడ ఉద్యోగం అంటున్నవాళ్లున్నారు. వెళ్లనివ్వండి, మంచి ఉద్యోగమే. అయితే ఏజెంటు అడిగాడని లక్షలు కట్టకండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని ఆ ఒడంబడికలోనే ఉంది. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, సి.డి.సి. ఖర్చులు మాత్రం మనవి. ఏజెంటుకి కేంద్ర నౌకాయాన డైరెక్టరేటు ఇచ్చిన ఆర్.పి.ఎస్.ఎల్. లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు అడగండి, సరిచూసుకోండి, కాంట్రాక్టు కాగితం చేతికి వచ్చాక ప్రతి పేజీ చదవండి. చదవడం విసుగైతే నా దగ్గరికి తీసుకురండి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు తరవాత నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను.