వంశంలో సగం, ఇంట్లో సగం

1995 జనవరి 16న ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అప్పుడు హిందూపురం ఎమ్మెల్యే. పక్కనే కర్ణాటక, అక్కడ 2007 దాకా సారా చట్టబద్ధంగానే అమ్మారు. ఇక్కడి నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. సీసా చుట్టూ ఇంత రాజకీయం నడిచింది. ఒకే దుకాణంలో కొన్న ఇద్దరిలో ఒకడు పండగపూట తాగి ఊరుకుంటాడు, ఇంకొకడు పొలం అమ్ముకునేదాకా పోతాడు. ఎందుకని? ఆ ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఊళ్లో జవాబు సిద్ధంగా ఉంది మరి: ‘వాళ్ల వంశమే అంత.’

ఈ ఉపన్యాసానికి విషయం ఆ జవాబే. అందులో సగం నిజం ఉంది, అదీ లెక్క కట్టి తేల్చిన సగం. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మద్యానికి బానిసయ్యే విషయంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో దాదాపు 50 శాతం వారసత్వానిదే. 1973లో డొనాల్డ్ గుడ్విన్ బృందం డెన్మార్క్‌లో, కన్నవారిలో ఒకరు తాగుడుకు బానిసై, తాము మాత్రం వేరే ఇళ్లలో పెరిగిన కొడుకులను పరిశీలించింది. వాళ్లలో ఆ వ్యసనం మిగతా దత్తపుత్రులతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు.

అయితే ఆ జన్యువు ఏది? చైనా, జపాన్, కొరియా ప్రజల్లో చాలామందికి ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము సరిగా పనిచేయదు. రెండు గుక్కలకే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, తాగాలన్న సరదా తీరిపోతుంది. భారతీయుల్లో ఈ రక్షణ చాలా అరుదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసేదీ అదే పని: పుట్టుకతో రానిదాన్ని మందుతో తెప్పించడం.

మనోవ్యాధులన్నిటికీ ఇలా ఒక్కో జన్యువు దొరుకుతుందని ఆశపడ్డారు. సెరటోనిన్ రవాణా జన్యువులోని ఒక రకానికి జీవితంలోని దెబ్బలు తోడైతే డిప్రెషన్ వస్తుందని 2003లో వచ్చిన పరిశోధన ప్రపంచమంతా మోగింది. 2019లో లక్షల మంది డేటాతో అలాంటి 18 జన్యువులను మళ్లీ పరీక్షిస్తే పేరుకు తగ్గ బలం ఒక్కదానికీ కనబడలేదు. వందల జన్యువులు తలా పిసరు పంచుకుంటాయన్నదే ఇప్పటి అవగాహన.

మిగతా సగంలో ఇల్లు ఉంది. 1998లో కాలిఫోర్నియాలో ఫెలిటి, ఆండా బృందం చిన్ననాటి గాయాలను లెక్కగట్టింది: కొట్టడం, తిట్టడం, తల్లి దెబ్బలు తినడం చూడటం, తాగేవాళ్లతో కలిసి బతకడం వగైరా. వీటిలో నాలుగు, అంతకు మించి అనుభవించినవాళ్లకు తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు పెరిగాయి. ఇక్కడే చిక్కు. జన్యువిచ్చిన తండ్రే దెబ్బా వేస్తాడు. రెంటినీ విడదీసి కొలవడం కష్టం.

ఉదాహరణకు ధర్మవరంలో పట్టు మగ్గం ఉండేది ఇంట్లోనే. రాత్రి తాగింది దిగిపోగానే పొద్దున నేతగాడి చేతులు వణుకుతాయి. తెగిన పట్టుపోగు ఆ వేళ్లకు ముడిపడదు. ఓ క్వార్టర్ గొంతు దిగితే వేళ్లు నిలుస్తాయి. అప్పటికి అతను తాగేది కైపు కోసం కాదు, కూలి కోసం. కండెలు చుట్టే పిల్లలు ఇదంతా చూస్తూనే ఉంటారు. అలవాటు ముదిరినవాళ్లు మాల వేసుకుని ఒక్కరోజులో మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. భక్తి ఎంత గట్టిదైనా డాక్టర్ సాయం ఉండాల్సిందే.

ఈ రెండు సగాలనూ కలిపి చూసే ప్రయత్నం దగ్గర్లోనే జరిగింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన వివేక్ బెనెగల్, లండన్‌లో పనిచేసిన గుంటర్ షూమన్ ఆధ్వర్యంలో ‘సీ-వేదా’ అధ్యయనం 6 నుంచి 23 ఏళ్ల వయసువారిని దాదాపు 9 వేల మందిని చేర్చుకుంది. దాని కేంద్రాల్లో ఒకటి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. రక్తం, కొందరికి మెదడు స్కాన్, ఇంటి పరిస్థితి, పడ్డ కష్టాలు నమోదు చేశారు.

మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019 జాతీయ సర్వే చెప్పింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా చికిత్స కోసం బెంగళూరు రైలెక్కేది అలాంటి ఒక్కరే కావచ్చు. వెంట పన్నెండేళ్ల కొడుకుంటే, తండ్రికి మాత్రలు రాసి పంపేయకుండా ఆ పిల్లవాడి నిద్ర, చదువు, కోపం గురించి నాలుగు ప్రశ్నలు అడగాలి. రైలెక్కకముందే, ఈ మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో అది రేపే మొదలుపెట్టవచ్చు. స్కానర్లు అక్కర్లేదు, అడిగే మనిషి ఉంటే చాలు.