జపానులో ఒక బొమ్మలాట ప్రదర్శనశాల
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నా జపాను యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు కోరిరి. ఆ దేశపు రైళ్లను గూర్చియు, యంత్రములను గూర్చియు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. కావున నేను ఒక బొమ్మల యింటిని గూర్చి మాత్రమే మనవి చేసెదను.

షికోకు అను దీవిలో తొకుషిమా నగరము కలదు. ఆ సీమకు పూర్వనామము అవా. అచట జూరోబె లోగిలి యను పాతకాలపు ఇల్లున్నది. జూరోబె ఒక గ్రామాధికారి. పరసీమల నుండి వచ్చు బియ్యపు వ్యవహారమున చిక్కుకొని, 1698లో ఆయన మరణశిక్షకు గురియయ్యెను. డెబ్బది యేండ్ల తరువాత, 1768లో, ఒసాకా రచయితలు ఆయన పేరు గ్రహించి, కథ తాము కల్పించి, ఒక బొమ్మలాట నాటకము వ్రాసిరి. నేడు ఆ లోగిలియే బొమ్మలాట ప్రదర్శనశాలయై యున్నది.

మన తోలుబొమ్మలాటలో ఆడించువారు తెరవెనుక నుందురు. దీపపు వెలుగున తెరపై మెరయు రంగుల బొమ్మలను మనము చూతుము. అచటి బొమ్మలు కొయ్యవి. ఆడించువారు నల్లని దుస్తులతో మనయెదుటనే నిలుతురు. ఒక్క బొమ్మకు ముగ్గురు. ప్రధానుడు తలను, కుడిచేతిని ఆడించును, రెండవవాడు ఎడమచేతిని, మూడవవాడు పాదములను. ఈ పద్ధతి 1734లో ఒసాకాలో ఏర్పడినది. పాదములకు పదియేండ్లు, ఎడమచేతికి పదియేండ్లు అభ్యాసము కావలెనని అచటి వృత్తికళాకారులు చెప్పుకొందురు. ప్రక్కన కూర్చున్న కథకుడు పాత్రలన్నింటికి తానే గొంతు నిచ్చును. షమిసెన్ అను మూడుతంత్రుల వాద్యము అతనికి తోడు.

లోపల అద్దాల బీరువాలలో తలలు వరుసగా అమర్చియున్నారు. కొయ్యను తొలిచి, లోపల దారములు కట్టి, కన్నులు, కనుబొమలు కదలునట్లు చేయుదురు. వానిని వెనుకకు లాగు కమ్ములకు పూర్వము తిమింగిలపు నోటి ఈనెలు వాడెడివారు. అవా తలలు ఒసాకా తలలకంటె పెద్దవి, పైపూత నిగనిగలాడును. కారణ మడుగగా, ఇవి గుడి ఆవరణలలో, ఆరుబయట, దూరమున కూర్చున్న రైతులకు కనబడవలసిన బొమ్మలని చెప్పిరి. ఈ సీమ శిల్పులలో ప్రసిద్ధుడు తెంగుయా హిసకిచి (1858–1943). ఆయన బాల్యమున ఉలి పట్టి, కడవరకు తలలు చెక్కుచునే యుండెను.

ఈ కళను పోషించినది నీలిపంట. అవా నీలి జపాను అంతట పేరుపొందినది. ఆ ధనముతో పల్లెలు రంగస్థలములు కట్టుకొనెను. ఇనుకాయి అను చోట 1873లో కట్టిన రంగస్థలము నేటికిని కలదు. 132 చిత్రపు తలుపులను జరుపుచు 42 దృశ్యములు చూపుదురు. 1897లో జర్మనీ కృత్రిమ నీలి అంగడికి వచ్చిన పిదప మన నీలితొట్లు ఎండిపోయినట్లే, అవా నీలియు సన్నగిల్లెను. నీలి పోయినను బొమ్మలను మాత్రము పల్లెవారు విడువలేదు.

పెరటిలో ఆట మొదలయ్యెను. తల్లిదండ్రులను వెదకుకొనుచు యాత్రికవేషమున ఒక చిన్నపిల్ల గుమ్మమున నిలుచును. ఊరును, తల్లిదండ్రుల పేర్లను అడిగిన యిల్లాలికి, ఈమె తన బిడ్డయేనని తెలియును. కాని ప్రభువుయొక్క పోయిన ఖడ్గమును వెదకుటకై ఆ దంపతులు దొంగలలో కలిసి, మారుపేర్లతో బ్రదుకుచున్నారు. నిజము చెప్పిన నేరము బిడ్డకు చుట్టుకొనును. తల్లి చెప్పదు, పంపివేయును. బొమ్మ మెడ కొంచెము వంగెను, భుజము కొంచెము వణకెను, అంతే. నా ప్రక్కనున్నవారు కన్నులు తుడుచుకొనుచుండిరి. కొంతసేపటి క్రితము బీరువాలో అట్టి తలనే చూచి, చక్కని కొయ్యపని యని ముందుకు సాగితిని గదా!

ఆడించినవారు వృత్తికళాకారులు కారు. చుట్టుపట్ల నివసించువారు, అందు ఎక్కువమంది స్త్రీలు. ఆట ముగిసినపిదప, పాదము లాడించిన వృద్ధురాలు నడుము సరిచేసికొని, దుబాసీ ద్వారా నన్నొక ప్రశ్న వేసెను: “మీ దేశమున బొమ్మలాట కలదా? మీ యూరిలో నిప్పుడెవరు ఆడుచున్నారు?”

కలదని చెప్పితిని. రెండవ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. నేను తోలుబొమ్మలాట కడపట చూచినది బాల్యమున, మన రచ్చబండ యొద్ద. తెల్లవార్లు కూర్చున్నవారు మీలోను పలువురు కలరు. బొమ్మలాట చూచుటకు సముద్రము దాటితిని. మన ఆటగాండ్రు ఏమైరో యెన్నడును విచారింపనైతిని. అనంతపురపు సీమలోని నిమ్మలకుంటలో నేటికిని కుటుంబములు తోలుబొమ్మలు చేయుచున్నవి. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని ఆటకు పిలుపులు తగ్గి, ఆ చేతులే తోలుతో దీపములకు కప్పులు చేసి అమ్ముకొనుచున్నవి.

కార్యవర్గమువారికి నా విన్నప మొక్కటియే. ఏటేట వార్షికోత్సవమున ఒక రాత్రి ఈ ఆవరణలో తోలుబొమ్మలాట పెట్టింపుడు. మొదటి యేటి వ్యయమున సగము నేను భరించెదను. బీరువాలోని పుస్తకము పాఠకుని చేతికి వచ్చిననాడే పుస్తకము, బొమ్మయు అంతే. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను చేతికందించిన మీకు ఇది నేను వేరుగ చెప్పనక్కరలేదు.

సెలవు.